నిప్పుకూ బూడిదకూ తేడా

విశాఖపట్నం

చిరంజీవులైన నా మనుమలకు, మనుమరాళ్ళకు ఆశీస్సులు.

రామకృష్ణా బీచ్‌లో మీరు తీసి పంపిన ఫోటోను నాలుగు రోజులుగా చూస్తున్నాను. మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్మే ఆమె, ఆమె ముందున్న బొగ్గుల కుంపటి, వెనుక సముద్రం అన్నీ నలుపు-తెలుపులో ఉన్నాయి. తలపైన గొడుగు మాత్రం ఎర్రగా వెలిగిపోతోంది. బాగుందో లేదో చెప్పమన్నారు. ఫోన్లో ఒక్క మాటతో తేల్చే సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

నాకు ఇరవై ఏళ్ళు నిండిన కొత్తలో పాత నగరంలోని ఒక స్టూడియోలో పని నేర్చుకున్నాను. నలుపు-తెలుపు ప్రింట్ల మీద సన్నని కుంచెతో, దూదితో రంగులు అద్దడం నా పని. ఒకసారి పెళ్ళికూతురి చీరకు, ఎవరినీ అడగకుండా, ఆకుపచ్చ వేశాను. అసలు అది వంకాయరంగు చీర. ఆ అమ్మాయి తల్లి తన పెళ్ళినాడు కట్టుకుని, దాచి, కూతురికి ఇచ్చినది. ఆమె ఆ ఫోటోను చేతిలో పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తప్పును నేను ఇప్పటికీ మరచిపోలేదు. మేము ప్రింటులో లేని రంగును ఊహించి పూసేవాళ్ళం. మీ ఫైలులో ప్రతి రంగూ కెమెరా చూసినట్టుగానే ఉంటుంది, మీరు చేసేది అందులోంచి కొంత తీసివేయడం. అందుకని ఏది ఉంచారో, ఎందుకు ఉంచారో చెప్పవలసిన బాధ్యత మాకంటే మీకే ఎక్కువగా ఉంది.

తీసివేసినప్పుడు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోండి. కెమెరాలో వెలుగును పట్టే పలక అయిన సెన్సర్‌లోని ఒక్కొక్క గడి తన మీద ఎంత వెలుగు పడిందో మాత్రమే కొలుస్తుంది. దానికి రంగు తెలియదు. గడుల మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు అమర్చి, పక్కపక్క గడుల కొలతలను కలిపి రంగును లెక్కకట్టే పద్ధతికి కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరిట 1976లో పేటెంటు వచ్చింది. వెలుగులోని హెచ్చుతగ్గులను మన కన్ను ఆకుపచ్చలోనే ఎక్కువగా పసిగడుతుంది కాబట్టి, ఆ అమరికలో సగం గడులు ఆకుపచ్చవే.

రంగుల ఫోటోను నలుపు-తెలుపు చేసేటప్పుడు కూడా ఆకుపచ్చదే పెద్ద వాటా. ఫోటోలోని ప్రతి చుక్క రంగును చెప్పే, 0 నుంచి 255 వరకు ఉండే మూడు అంకెలలో ఎరుపును 0.299తో, ఆకుపచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో హెచ్చించి కూడటం చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. ఎరుపు 200, ఆకుపచ్చ 30, నీలం 40 ఉన్న గొడుగు రంగును ఈ లెక్కలో వేస్తే 82 వస్తుంది. ఎరుపు 60, ఆకుపచ్చ 100, నీలం 50 ఉన్న మొక్కజొన్న తొక్కల రంగుకు కూడా 82 వస్తుంది. కంటికి ఆమడ దూరంలో ఉన్న రెండు రంగులు ఒకే బూడిదరంగులో కలిసిపోతాయన్న మాట. బహుశా మీకు ఆ గొడుగు అలా కలిసిపోయి కనిపించబట్టే దానికి ఎరుపును తిరిగి ఇచ్చి ఉంటారు.

అయితే దానికి రంగే అవసరం లేదు. ఎరుపు వాటాను తగ్గించి, ఆకుపచ్చ వాటాను పెంచితే గొడుగు నల్లబడుతుంది, తొక్కలు లేతబడతాయి. రెండూ విడివిడిగా నిలుస్తాయి. మా కాలంలో లెన్సుకు ఎర్రని ఫిల్టరు తొడిగి, సముద్రం మీది నీలాకాశాన్ని నల్లగా చేసి, మబ్బులను తెల్లగా పైకి తేవడం ఇలాంటిదే. రంగు గాఢతను చూపే శాచురేషన్‌ను సున్నాకు లాగి ఊరుకోకండి. కొన్ని ప్రోగ్రాములలో అలా చేస్తే నిండు ఎరుపు, నిండు ఆకుపచ్చ, నిండు నీలం మూడూ ఒకే బూడిదరంగుగా మారిపోతాయి. నలుపు-తెలుపు తనంతట తాను నిలబడేలా చేసుకున్నాకే రంగు సంగతి ఆలోచించాలి.

ఇప్పుడు కుంపటి చూడండి. అందులో రాజుకున్న నిప్పు ఉంది, పక్కనే తెల్లని బూడిద ఉంది. నిప్పు 255, 140, 50 అనుకుంటే లెక్కలో 164 వస్తుంది. ఎండిన బూడిద కూడా దాదాపు అక్కడికే వస్తుంది. మీ ఫోటోలో కుంపటి చల్లారినట్టు కనిపించడానికి కారణం అదే. వాటాలు మార్చి నిప్పును బూడిదకంటే తెల్లగా చేయవచ్చు కాని, తెలుపు ఎంత పెంచినా వేడి కనిపించదు. గొడుగు ఎర్రనిది కాకుండా నీలిది అయినా ఆమె కథ మారదు. నిప్పు బూడిద అయితే ఆమె బేరమే ఆగిపోతుంది. నన్ను అడిగితే ఈ ఫోటోలో రంగు ఉండవలసిన చోటు కుంపటి ఒక్కటే.

గొడుగు విషయంలో నా కన్ను ఒప్పుకోనిది ఇంకొకటి ఉంది. సాయంత్రం నాలుగు గంటల ఎండ నగరం వైపు నుంచి గొడుగు గుడ్డలోంచి దూరి, ఆమె భుజం మీద, తెల్లని గింజల మీద ఎర్రని నీడ పరిచింది. అసలు ఫైలు తెరిచి చూస్తే మీకే తెలుస్తుంది. రంగు ఎప్పుడూ తన హద్దుల్లో ఉండదు, పక్కవాటి మీద కూడా పడుతుంది. మీరు గొడుగు అంచు వెంట గీత గీసినట్టు కత్తిరించి, భుజాన్ని పూర్తిగా రంగు లేకుండా చేశారు. అందుకే గొడుగు అక్కడ ఉన్నట్టు కాక, అతికించినట్టు ఉంది. నిప్పుకు రంగు ఇచ్చేటప్పుడు పొత్తు అడుగు భాగానికీ, దాన్ని తిప్పుతున్న వేళ్ళకూ కూడా ఆ ఎర్రదనం కొంచెం దక్కాలి.

దానికి పద్ధతి ఇది. జింప్‌లాంటి ఉచిత ప్రోగ్రాములో ఫోటో తెరిచి, ఫోటో ఉన్న పొరకు, అంటే లేయర్‌కు నకలు తీసి, పైదాన్ని మాత్రం నలుపు-తెలుపు చేయండి. దానికి తెల్లని మాస్క్ (పై పొరలో ఏ భాగం కనిపించాలో చెప్పే ముసుగు) తగిలించండి. మాస్క్ మీద నల్లని బ్రష్ నడిపిన చోట కింది రంగు బయటికి వస్తుంది. నడిమి బూడిదరంగుతో నడిపితే సగం రంగే వస్తుంది. వేళ్ళకు అది కూడా ఎక్కువే, ఇంకా లేతగా వాడండి. బ్రష్ అంచు మెత్తగా ఉంచుకుని, ఫోటోను రెట్టింపు పెద్దది చేసి చూస్తూ పని చేయండి. ఎరుపంతా ఉంచి మిగతావి తీసేయమని ప్రోగ్రాముకు చెప్పడం సులువే కాని, మన చర్మంలో కూడా ఎరుపు, నారింజ ఛాయలు ఉంటాయి. నిప్పుతో పాటు ఆమె ముఖం, పెదవులు కూడా మిగిలిపోతాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర అలా చేస్తే తీసివేయడానికి ఏమీ దొరకదు.

పని మధ్యలో ఫైలును జేపీఈజీగా దాచవద్దు; లేయర్లన్నీ ఒకటైపోతాయి. కెమెరాను మోనోక్రోమ్‌లో పెట్టి జేపీఈజీ మాత్రమే తీస్తే రంగు ఇక తిరిగి రాదని కూడా గుర్తుంచుకోండి. సెన్సర్ కొలతలను ఉన్నవి ఉన్నట్టు దాచిన రా ఫైలు ఉంటే భయం లేదు.

వచ్చే ఆదివారం అసలు ఫైలు తీసుకుని రండి. కుంపటికి మాత్రమే రంగు ఉంచి ఒక ప్రింటు, పూర్తి రంగుల్లో ఇంకొకటి తీయిద్దాం. సాయంత్రం బీచ్‌కు వెళ్ళి ఆ రెండూ ఆమె ముందు పెట్టి, ఏది కావాలో ఆమెనే అడిగి, అది ఆమెకు ఇచ్చి వద్దాం.

మీ
తాతయ్య