ఆదివారం పనికి రాము అన్నవాళ్లు

ఆదివారం పొద్దున ఐదింటికే మా అమ్మ వంటింట్లో లైటు వేస్తుంది. కోడికూరకి అల్లంవెల్లుల్లి నూరి, అందరి బట్టలూ ఇస్త్రీ చేసి, తొమ్మిదింటి ఆరాధనకి మాకంటే ముందే తయారై కూర్చుంటుంది. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం, సాయంత్రం ఎవరింట్లోనో ప్రార్థన. "వారం మొత్తంలో ఈ ఒక్కరోజే ఎక్కువ అలిసిపోతాను" అని ఒకసారి అంది. అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మనం విశ్రాంతి దినం అంటున్న ఈ రోజు అసలు ఎవరి కోసం మొదలైంది?

పది ఆజ్ఞలు బైబిల్లో రెండుచోట్ల కనిపిస్తాయి. నిర్గమకాండం 20లో విశ్రాంతి దినానికి చెప్పిన కారణం సృష్టి: దేవుడు ఏడో రోజున విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండం 5కి వచ్చేసరికి కారణం వేరు: ఐగుప్తులో (ఈజిప్టులో) మీరు దాసులుగా ఉన్నారు, అది మర్చిపోకండి. అందుకే అక్కడ "నీవలె నీ దాసుడును నీ దాసియు విశ్రమించునట్లు" అన్న మాట ఉంది. ఎద్దుకూ గాడిదకూ కూడా ఆ రోజు పని లేదు. దేవుణ్ణి ఆరాధించుకోవడానికి వెళ్లనివ్వమని అడిగితే "మీరు సోమరులు" అని ఐగుప్తు రాజు ఫరో తిట్టి, ఇటుకల లెక్క తగ్గించకుండా వాటిలో కలిపే గడ్డి కూడా మీరే ఏరుకోండి అన్నాడు కదా. ఆ వెట్టి నుంచి బయటపడ్డవాళ్లకు ఇచ్చిన ఆజ్ఞ ఇది.

యూదులకు అది శనివారం. యేసు తిరిగి లేచిన రోజని క్రైస్తవులు ఆదివారం కూడుకోవడం మొదలుపెట్టారు గానీ, రోమా సామ్రాజ్యంలో అది మామూలు పనిరోజే. క్రీ.శ. 321లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఆదివారం న్యాయస్థానాలు, పట్నాల్లోని పనిశాలలు మూసేయమని ఆజ్ఞ ఇచ్చాడు. పొలం పనులకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. అంటే మట్టిలో పనిచేసేవాడికి చట్టం అప్పుడు కూడా తోడు రాలేదు.

మన నేలమీద ఈ సంగతి బాగా కనిపించేది ఒంగోలు చుట్టుపక్కల. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అక్కడ స్థిరపడ్డాడు. ఆయన దగ్గరికి ఎక్కువగా వచ్చింది మాదిగలు. క్రీస్తును నమ్ముకున్నవాళ్లకు ఆయన గట్టిగా చెప్పినవి మూడు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. మొదటిది ఈ రోజు మనకు చాలా తేలిగ్గా అనిపిస్తుంది. కానీ చెప్పులు కుట్టడం, కోతలకు వెళ్లడం, ఊరి పెద్దలు పిలిచినప్పుడల్లా పరుగెత్తడం తప్ప వేరే బతుకు లేని మనిషి, ఏడు రోజుల్లో ఒకరోజు "రాను" అనడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

ఊళ్లు ఊరుకోలేదు. బట్టలు ఉతకొద్దని చాకలికి, కుండలు అమ్మొద్దని కుమ్మరికి చెప్పారు. వీళ్ల పశువుల్ని ఊరి బీడులోంచి తోలేశారు. కోతలకు రానివ్వకపోతే ఏడాదికి సరిపడే గింజలు పోయినట్టే. అయినా వాళ్లు నిలబడ్డారు. నాకు తెలిసిన ప్రసంగాల్లో వీళ్ల మాట ఎప్పుడూ వినలేదు, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. గంపలు దించి సేదతీరే కాస్త సమయంలో బోధకులు వాళ్లకు మళ్లీ మళ్లీ వినిపించిన వాక్యం "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి". ఆ వాక్యాన్ని తలమీద మట్టిగంప మోసినవాళ్లు విన్నట్టు మనం వినగలమా? కూటికోసం వచ్చారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆదివారం సెలవు పోరాటం క్రైస్తవులది మాత్రమే కాదు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం ఫూలే సహచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి పోరాడితే, 1890 జూన్‌లో వాళ్లకు వారానికో సెలవు దక్కింది.

ఈ చరిత్ర అంతా అమ్మకు చెప్పాను. ఆమె నిర్గమకాండం 16 తీసింది. ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం మన్నాను ఆరో రోజున రెండింతలు ఏరుకుని, వండుకునేది ముందే వండుకోమని అక్కడ ఉంది. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం వంట శనివారం రాత్రే, నేనూ తమ్ముడూ కలిసి చేస్తాం. గుడి నుంచి వచ్చాక అమ్మ రెండు గంటలు పడుకుంటుంది.

అంట్లు తోమే ఆవిడకు కూడా ఆదివారం రావొద్దని, జీతం మాత్రం కోయబోమని అమ్మ చెప్పింది. ఆవిడా విశ్వాసే. మా ఇంటి పని ముగించుకుని ఆరాధన సగంలో వెళ్లేది. మొదటి ఆదివారం అలవాటుకొద్దీ వచ్చేసి, గేటు దగ్గరే ఆగి అడిగింది: "నిజంగానే వద్దా అమ్మా?"