అడవి, ఊరు, సమితి: మా దగ్గర రోజూ వినే అపోహలు

అడవిని అటవీ శాఖతో కలిసి కాపాడుకునేందుకు ఊళ్లలో పెట్టిన వన సంరక్షణ సమితులతో పనిచేయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. భాకరాపేట ఘాటు కింది ఊళ్లయినా, పలమనేరు వైపు ఊళ్లయినా రచ్చబండ దగ్గర కూర్చుంటే అవే మాటలు వినిపిస్తాయి. కొన్ని ఊరివాళ్లవి, కొన్ని ఆఫీసర్లవి. ఇంకొన్ని, తిరుపతి నుంచి వ్యాన్లో మొక్కలేసుకుని వచ్చే మంచివాళ్లవి.

అపోహ: సమితి పెట్టారంటే అడవి ఊరికి వచ్చేసినట్టే.

రాలేదు. భూమి ప్రభుత్వానిదే. అడవి పక్కన బతికేవాళ్ల అవసరాలు ముందు చూడాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. అడవుల కాపలాలో ఊళ్లను కలుపుకోమని 1990 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. మన రాష్ట్రంలో 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం మొదలైంది, సమితులు వచ్చింది దాని కిందే. ఊరు కాపలా కాస్తుంది, అందుకు ఎండుకట్టె, గడ్డి, కాయలు తెచ్చుకుంటుంది, పెరిగిన కలపలో వాటా తీసుకుంటుంది. ఇదంతా జీవోల మీద నడిచే ఏర్పాటు.

2006 అటవీ హక్కుల చట్టం వేరు. దాని కింద సామూహిక హక్కు వస్తే అది చట్టం ఇచ్చిన హక్కు, ఆఫీసరు మారినా పోదు. సమితిలో పేరుంది కదా అని హక్కుల దరఖాస్తే పెట్టకుండా ఊరుకున్న యానాది కుటుంబాలను చూశాను. ఈ తేడా వాళ్లకు ముందే చెప్పి ఉండాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అపోహ: మొక్కలు నాటితేనే అడవి తిరిగొస్తుంది.

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మా అడవులు ఎండు అడవులు. చిరుమాను, జాలారి, ఎర్రచందనం లాంటివి నరికినా వేరు చావదు. నాలుగు వానలు పడ్డాక ఒక మోడు దగ్గర కూర్చుని చూడండి. చుట్టూ ఎనిమిదో పదో పిలకలు లేచి ఉంటాయి, వేలంత లావున, ఎర్రటి లేత ఇగుర్లతో. అన్నీ వదిలేస్తే పొదలాగే ఉండిపోతుంది. నిటారుగా, బలంగా ఉన్న ఒకటి రెండు ఉంచి మిగతావి కొడవలితో తీసేస్తే, ఉన్న బలమంతా వాటికే పోతుంది. కొత్తగా నాటిన మొక్కకు జానెడు వేరుంటే, ఈ పిలక కింద ఎన్నో ఏళ్ల వేరుంది. ఎండాకాలం తట్టుకునేది ఏదో వేరే చెప్పక్కర్లేదు.

పశ్చిమ బెంగాల్లోని అరబారిలో 1970ల్లో ఊళ్లను కలుపుకుని చేసిన ప్రయత్నం దేశమంతటికీ దారి చూపింది. అక్కడ తిరిగి లేచింది కూడా ఎక్కువగా ఇలా మోళ్లలోంచి చిగిర్చిన సాల చెట్ల అడవే. నాటొద్దని నేను అనడం లేదు. మోడు కూడా మిగలని చోట నాటాల్సిందే. కానీ పిలకలున్న చోట గుంతలు తవ్వి, వేర్లు తెంచి, నర్సరీ మొక్క పెట్టి ఫొటో తీసుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక నిప్పు. 2014 మార్చిలో తిరుమల కొండల మీద మంటలు చెలరేగినప్పుడు అందరం చూశాం కదా. బోద గడ్డి ఎండిపోయే రోజుల్లో పొగను ముందు చూసేది మేకలు కాసేవాళ్లే. ఫైర్ లైను, అంటే మంట దాటకుండా గడ్డీ ఆకూ తీసేసిన దారి, శుభ్రంగా ఉండి, ఊళ్లోంచి పది మంది పచ్చి కొమ్మలు పట్టుకుని పరిగెత్తితే, ఆ ఏడు పిలకలు బతుకుతాయి.

అపోహ: మేకలూ కట్టెల మోపులూ ఆపేస్తే చాలు, అడవి బాగుపడుతుంది.

మేక చిగురు తింటుంది, నిజమే. కానీ మొత్తం ఒకేసారి మూసేస్తే దెబ్బ ముందు తగిలేది సెంటు భూమి లేని ఇంటికే. పొలం ఉన్నాయన గట్టు మీద కంప కొట్టుకుంటాడు, గ్యాస్ కొనుక్కుంటాడు. లేనివాళ్లు?

నేను పని చేసిన ఒక ఊళ్లో మీటింగు పెట్టి, చేతులెత్తించి, ఊరి పక్క గుట్టంతా మూసేశాం. వారం తర్వాత ఒక పెద్దామె దోవలో ఆపి అడిగింది: "ఆ గుట్ట మూసేస్తే నేను కట్టె యాడ తెచ్చుకునేది నాయినా?" ఆమె ఆ రోజు మీటింగులో ఉంది, చెయ్యి కూడా ఎత్తింది. అందరి ముందు కాదనలేకపోయిందంతే. అప్పటినుంచి అవతలి గుట్టకు పోయి మోపు తెస్తోంది. అంటే మేం ఒక అడవిని కాపాడి ఇంకో అడవి మీద బరువేశాం. తప్పు మాదే.

తర్వాత గుట్టను మూడు ముక్కలు చేశాం. ఒక ముక్క మూసి, మిగతా రెండూ తెరిచి ఉంచాం. పిలకలు మేకకు అందనంత ఎత్తు పెరిగాకే తర్వాతి ముక్క మూసేది. మూసిన చోట కూడా గడ్డి కోసుకోవచ్చు, ఎండుపుల్ల ఏరుకోవచ్చు. నెమ్మదిగానే, కానీ ఊరు ఆ మాట మీద నిలబడింది.

అపోహ: సమితి అంటే కూలి పని.

ప్రపంచ బ్యాంకు డబ్బుతో 1994లో ఒకటి, 2002లో ఇంకొకటి ప్రాజెక్టులు వచ్చాయి. కందకాలు తవ్వారు, చెక్‌డ్యాములు కట్టారు, ఊళ్లో చేతినిండా పని. అప్పుల టెన్షన్ కొంత తగ్గింది, వలసలూ తగ్గాయి, కాదనను. కానీ కూలి డబ్బు కోసమే కూడిన సమితులు, డబ్బు ఆగగానే చెదిరిపోయాయి. నేను చూసినంతవరకు నిలిచినవి, ఏటా ఏదో ఒక కాపు చేతికొచ్చే ఊళ్లవి: చింతపండు, సీతాఫలం, ఉసిరి, కుంకుడు. ఆ కాపు కూడా అంగడి బయట దళారికి గంపల లెక్కన పోతే మిగిలేది తక్కువే. చింతపండు గింజ తీసి, తూకం వేసి అమ్మిన ఊళ్లకు నాలుగు రూపాయలు ఎక్కువొచ్చాయి.

అపోహ: ఆడవాళ్లు సంతకానికి వస్తే చాలు.

ఇంటికి ఇద్దరు సభ్యులు, అందులో ఒకరు ఆడమనిషి కావాలన్నది నిబంధన. ఏ గుట్టలో ఏ నెలలో ఏం దొరుకుతుందో వాళ్లకు తెలిసినంత మాకెవరికీ తెలియదు. వాళ్లు పొలం పనుల్లో ఉండే వేళ మీటింగు పెట్టి, సాయంత్రం పుస్తకం ఇంటికి పంపి వేలిముద్ర వేయించుకుంటే, గుట్ట మూసినప్పుడు జరిగిందే మళ్లీ జరుగుతుంది. అందుకే ఇప్పుడు నేను పోయే ఊళ్లలో మీటింగు రాత్రి భోజనాలయ్యాక పెట్టిస్తున్నాను. ముందు తీర్మానాల పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ పైకి చదివిస్తాను. ఆ తర్వాతే మూసే ముక్క సంగతి.