పసుల కోసం కట్టిన కోట: పాత మక్తల్ తాలూకాలోని బూడిద దిబ్బ కథ

2025 మార్చిలో నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. కృష్ణ ఒడ్డున దాదాపు 80 ఎకరాల్లో నిలబడి ఉన్న రాళ్లవి. కొన్ని 14 అడుగుల ఎత్తు దాకా ఉంటాయి. ఒక రాయిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. ఒక బండ మీద తొలిచిన చిన్న చిన్న గుంటల్లో సప్తర్షి మండలం ఉందని పరిశోధకులు గుర్తించారు. వలసల జిల్లా అని పేరు పడ్డ పాలమూరుకు ఇది నిజంగా సంతోషపడాల్సిన కబురు. కానీ ఆ రాళ్లు నిలబెట్టినవాళ్లు ఉన్నట్టుండి ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా. వాళ్లకు వెయ్యేళ్ల ముందే ఈ నేల మీద పసులను కాచినవాళ్లున్నారు. వాళ్ల ఆనవాలు అదే పాత మక్తల్ తాలూకాలో 1957లో బయటపడింది. దాని గురించి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఆ ఊరి పేరు ఉట్నూరు. ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పురావస్తు పుస్తకాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు అని కనిపించేది. అక్కడ దొరికింది గుడి కాదు, శాసనం కాదు, నాణేల కుండ అంతకన్నా కాదు. ఒక బూడిద దిబ్బ.

కృష్ణ, భీమ, తుంగభద్ర నదుల మధ్య దేశంలో, అంటే మన మక్తల్ నుంచి రాయచూరు, బళ్లారి దాకా, ఇలాంటి దిబ్బలు పదుల సంఖ్యలో ఉన్నాయి. పైకి చూస్తే మామూలు మట్టి గడ్డలే. తవ్వితే మాత్రం పొరలు పొరలుగా తెల్లటి, బూడిదరంగు బూడిద వస్తుంది. మధ్య మధ్యలో గాజులా కరిగి గట్టిపడ్డ ముద్దలు వస్తాయి. ఇటుక బట్టీలో ఎక్కువ కాలి, కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయిన ఇటుకలను చూసినవాళ్లకు ఆ ముద్దలు కొత్తగా ఉండవు. కాకపోతే ఇవి చేతిలో పెట్టుకుంటే తేలిగ్గా ఉంటాయి, లోపలంతా బుడగలు బుడగలుగా బొక్కలు.

ఇంత బూడిద ఎక్కడిది? రాక్షసులను కాల్చిన చోటని జనం చెప్పుకున్నారు. 19వ శతాబ్దంలో దొరలు వచ్చి చూశాక వాదన మొదలైంది. అగ్నిపర్వతం బూడిదేమో అని కొందరు, లోహం కరిగించిన చిట్టెం అని కొందరు, పెద్ద ఎత్తున సతీసహగమనాలు జరిగిన చోట్లని ఇంకొకరు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం ఇది కాలిన పేడ, ఇవి పాతకాలపు పసుల దొడ్లు అన్నాడు. ఆయన మాట చాలాకాలం వాదనగానే ఉండిపోయింది. పేడ కాలితే గాజు అవుతుందా అన్నదే అందరి అనుమానం. అవుతుంది. గడ్డిలో ఇసుకలో ఉండేలాంటి సిలికా ఉంటుంది. పసరం గడ్డి మేస్తే అది పేడలోకే వస్తుంది. పేడ నిలువెత్తు పోగుపడి, ఒక్కసారిగా అంటుకుని, లోపల వేడి బాగా ఎక్కితే ఆ సిలికా కరుగుతుంది. జ్యూనర్ అనే శాస్త్రవేత్త ల్యాబులో పరీక్షించి ఇది పేడేనని 1960లో తేల్చి రాశాడు.

ల్యాబు రిపోర్టు కన్నా గట్టి సాక్ష్యం మాత్రం ఉట్నూరు తవ్వకంలోనే దొరికింది. తవ్వించింది బ్రిటిష్ పురావస్తు పండితుడు రేమండ్ ఆల్చిన్. ఆయనకు ఈ ప్రాంతం కొత్త కాదు. 1952లోనే, ఇదంతా ఇంకా హైదరాబాద్ రాష్ట్రంగా ఉన్నప్పుడు, రాయచూరు జిల్లా పిక్లిహాల్‌లో తవ్వాడు. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి, మక్తల్ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. చరిత్ర ఒక్కటే అయినా రెండు రాష్ట్రాల లెక్కల్లోకి పోవడం అప్పుడే మొదలైంది. ఈ నదుల మధ్య దేశాన్ని ఒక్కటిగా చూసే అలవాటు మనకు తప్పిపోవడానికి అదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఉట్నూరులో బూడిద కింద ముందుగా వచ్చినవి గుంజల గుంతలు. వరసగా, దగ్గరదగ్గరగా పాతిన తాటి మొద్దుల ఆనవాళ్లు. మన పాత ఇళ్లలో తాటి దూలాలు చూసినవాళ్లకు తెలుసు, చేవ ఉన్న తాటికి చెద తొందరగా పట్టదు. అలాంటి మొద్దులను నిలబెట్టి చుట్టూ కంచె కట్టారు. ఒకటి కాదు, లోపల ఒకటి, బయట ఒకటి. లోపలి దడిలో పసులు, రెండు దడుల మధ్య మనుషుల గుడిసెలు. ఆ కంచె కాలిపోయింది, మళ్లీ కట్టారు. మళ్లీ కాలింది, మళ్లీ కట్టారు. ఆ కాలడం కట్టడం అంతా పొరల్లో చదువుకోవచ్చు.

ఒక పొరలో గిట్టల గుర్తులు బయటపడ్డాయి. వానాకాలం పొద్దున మంద లేచి వెళ్లిపోయాక దొడ్డిలోకి తొంగి చూస్తే ఎలా ఉంటుందో అలాగే. మెత్తటి నేలలో దిగబడ్డ రెండు పాయల అచ్చులు, ఒకదాని మీద ఒకటి. వాటిపై బూడిద కప్పుకుపోయింది కాబట్టి నాలుగు వేల ఏళ్లు దాటినా చెరగలేదు. అంత పాత రాజుది ఒక్కడి పాదముద్ర అయినా మనకు దొరికిందా? ఆవులవి, ఎద్దులవి దొరికాయి.

దీన్ని దొడ్డి అనాలా, కోట అనాలా? నేను కోట అనే అంటాను. పాలమూరు, నల్లగొండల్లో కోట అంటే మనకు ఘనపురం, పానగల్, కోయిలకొండ, దేవరకొండ, రాచకొండ, భువనగిరి గుర్తొస్తాయి. అవన్నీ మధ్యయుగాల రాజులవి, రాతివి. కానీ కోట పని ఏమిటి? విలువైనదాన్ని లోపల పెట్టి, బయటివాణ్ని బయటే ఆపడం. ఆ మనుషులకు విలువైనవి పసులే. పులి భయం ఉంది, మందను తోలుకుపోయే పక్కవాళ్ల భయమూ ఉండి ఉంటుంది. అన్ని తాటిచెట్లు నరికి, మోసి, పాతి, కాలిన ప్రతిసారీ మళ్లీ పాతడం ఒక ఇంటివాళ్ల పని కాదు. పదిమంది ఒక మాట మీద నిలబడితేనే అయ్యే పని.

అక్కడి బొగ్గును కార్బన్ పరీక్షకు పంపితే కాలం క్రీ.పూ. 3వ సహస్రాబ్దికి వెళ్లింది. దాని బరువు తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1947లో బ్రిటిష్ పురావస్తు పండితుడు మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్వి, దక్షిణాది రాతి గొడ్డళ్ల సంస్కృతి క్రీ.పూ. మొదటి సహస్రాబ్దిలో మొదలైందని లెక్క వేశాడు. ఆ లెక్కన సింధు నగరాలు పడిపోయాక ఎప్పటికో గానీ దక్కనులో పసుల కాపరులు లేరన్నమాట. ఉట్నూరు బొగ్గు ఆ లెక్కను వెయ్యేళ్లకు పైగా వెనక్కి నెట్టింది. హరప్పా నగరాలు కళకళలాడుతున్న రోజుల్లోనే ఇక్కడ మూపురం ఎద్దులున్నాయి, చేత్తో చేసిన కుండలున్నాయి, నునుపుగా నూరిన రాతి గొడ్డళ్లున్నాయి.

దిబ్బను ఎందుకు తగలబెట్టారు అన్నది ఇంకా తెగలేదు. ఆల్చిన్ దీన్ని మన దీపావళి, హోలీ, సంక్రాంతి మంటలతో, పసులను మంట దాటించే ఆచారాలతో కలిపి చూశాడు. పసులకు రోగం వస్తే దొడ్డిని తగలబెట్టేవాళ్లని ఇంకో మాట ఉంది. పండగ మంటకు అంత పాత వేరు ఉందని నమ్మడం నాకు ఇష్టమే, కానీ ఇష్టం వేరు, రుజువు వేరు. ఇక వీళ్లు దేశదిమ్మరులు, మేత కోసం వచ్చి పోయేవాళ్లు అన్న ఆల్చిన్ ఊహను తర్వాతి తవ్వకాలు సవరించాయి. 1990ల్లో పురావస్తు పండితుడు కె. పద్దయ్య కర్ణాటకలో షోరాపూర్ వైపు బూదిహాల్‌లో తవ్వితే బూడిద దిబ్బ పక్కనే ఇళ్లు, పసులను కోసి మాంసం చేసిన చోటు బయటపడ్డాయి. అది నిలకడగా బతికిన ఊరు. బళ్లారి, కర్నూలు వైపు చోట్ల మట్టిని కడిగి చూస్తే కాలిన గింజలు దొరికాయి: అండు కొర్రలు, ఉలవలు, పెసలు. ఈ రోజు ఆరోగ్యం కోసమని షాపులో కొనుక్కుంటున్న అండు కొర్రలు వాళ్ల రోజువారీ తిండి.

దిబ్బలు మైదానంలో ఉంటే, చాలాచోట్ల ఊళ్లు బోడి గుట్టల మీద ఉండేవి. బండల మధ్య రాళ్లు పేర్చి, మట్టి నింపి, చదును చేసి గుడిసెలు వేసుకున్నారు. పిక్లిహాల్‌లో, బళ్లారి పక్కన సంగనకల్లులో అలాగే ఉంది. బండల మీద మూపురం ఎద్దుల బొమ్మలు గీశారు. మన వైపు గుట్టల మీద కూడా చదును చేసిన అరుగులు, నూరిన గుంటలు కనిపిస్తే వాటిని పాండవుల పేరు మీదో రాకాసుల పేరు మీదో చెప్పుకుని వదిలేస్తాం. తర్వాత ఇనుము వచ్చాక సమాధులు, నిలువురాళ్ల కాలం మొదలైంది. ముడుమాల్ ఆ వరసలోదే.

రాయికి ఒక అదృష్టం ఉంది, అది కనిపిస్తుంది. కనిపిస్తే కొలుస్తారు, ఫొటో తీస్తారు, జాబితాలో పెడతారు. బూడిదకు ఆ అదృష్టం లేదు. పైగా అది పొలానికి పనికొస్తుంది. పాత ఊళ్లుండిన పాటిగడ్డల మట్టిని రైతులు తరాలుగా చేలకు తోలుకున్నారు. బూడిద దిబ్బలకూ అదే గతి పట్టింది. రైతును తప్పు పట్టలేం, అది పాటిమన్ను అని తెలుసు గానీ అందులో కాలం పొరలు పొరలుగా ఉందని ఎవరూ వచ్చి చెప్పలేదు. ఎడ్ల బండి రోజుల్లో దిబ్బ తరగడానికి తరాలు పట్టేది. జేసీబీకి ఒక పూట చాలు. గుట్టల సంగతి ఇంకా దారుణం, గ్రానైట్ లీజు వచ్చిందంటే గుట్టే ఉండదు. శ్రీశైలం రిజర్వాయరు కట్టినప్పుడు మునిగే ఊళ్లలో ముందే తవ్వకాలు జరిగాయి, కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మునక ముందు ప్రభుత్వానికి ఒక గడువుంది కాబట్టి అది జరిగింది. రోజుకో ట్రాక్టరు చొప్పున పోయే దిబ్బకు గడువు లేదు.

2017లో తెలంగాణకు సొంత వారసత్వ చట్టం వచ్చింది. రక్షిత స్థలంగా ప్రకటిస్తేనే చట్టం పనిచేస్తుంది, ప్రకటించాలంటే ముందు అది ఎక్కడుందో గుర్తుపట్టాలి. గుర్తుపట్టడం మాత్రం కష్టం కాదు. బాయి తవ్వుతున్నప్పుడో చెలక చదును చేస్తున్నప్పుడో, చుట్టూ ఎర్రమట్టి ఉండగా ఒక్కచోట మెత్తటి తెల్లబూడిద పొర, దాని కింద బొక్కలు బొక్కలుగా గాజులాంటి తేలిక ముద్ద, పక్కన నున్నగా నూరిన నల్లరాతి గొడ్డలి కనిపిస్తే అక్కడ మిషన్ ఆపాలి. ఆ ముద్దను పగలగొట్టి చూస్తే కాలిన గడ్డి పరకల అచ్చులు కూడా దొరకొచ్చు.