ఆడ మగ వరి, గుడ్డి పూలు: విత్తనాల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

రోహిణి కార్తెలో వరంగల్ విత్తన దుకాణాల ముందు ఓ గంట నిలబడితే చాలు, జన్యుశాస్త్రం మీద ఎన్ని మాటలు వినాలో అన్నీ వినొచ్చు. మొక్కల ప్రజననం చదివి, విత్తనాలనే నమ్ముకుని బతుకుతున్నవాణ్ణి కాబట్టి నా చెవులు అటే పోతాయి. గొడవంతా ఒక్కచోటే ఉంది. హైబ్రిడ్, బీటీ, జన్యుసవరణ అనేవి మూడు వేర్వేరు పనులు: హైబ్రిడ్ అంటే రెండు రకాలను సంకరం చేయడం, బీటీ అంటే ఒక బ్యాక్టీరియా జన్యువును మొక్కలో పెట్టడం, జన్యుసవరణ అంటే మొక్క సొంత జన్యువునే కత్తిరించి మార్చడం. మూడింటినీ ఒకే మూటలో కట్టేస్తున్నాం.

అపోహ: హైబ్రిడ్ అంటే ల్యాబులో జన్యువులు మార్చిన విత్తనం

ఈ మాట కరీంనగర్ వైపు రైతు నోట వింటే నాకు నవ్వొస్తుంది. యాసంగిలో హుజూరాబాద్ పొలాల గట్ల మీద నడిస్తే హైబ్రిడ్ తయారయ్యేది కళ్లముందే కనిపిస్తుంది. "ఆడ మగ వరి" అని వాళ్లు పిలుచుకునేది అదే. రెండు సాళ్లు మగ, పక్కన ఆరో ఎనిమిదో సాళ్లు ఆడ. పూత మీదున్నప్పుడు పొద్దున పదింటి తర్వాత ఇద్దరు చెరో కొస పట్టుకుని తాడు లాగుతూ మడి దాటుతారు. మగ వరి నుంచి రాలిన పుప్పొడి ఆడ వరి మీద పడుతుంది. సంకరం అంటే అంతే. ల్యాబూ లేదు, సూదీ లేదు.

ఆ "ఆడ" వరి నిజానికి ఆడ మొక్కేం కాదు. వరి పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. ఈ రకంలో మగ భాగం పనిచేయదు, పుప్పొడి వట్టిపోతుంది. తమాషా ఏమిటంటే ఆ లోపం కణం నడుమ కేంద్రకంలో లేదు, దాని బయట మైటోకాండ్రియాలో ఉంది. కణానికి శక్తిని అందించే ఈ భాగాలకు సొంతంగా కాస్త డీఎన్ఏ ఉంటుంది, వరిలో అది తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో దొరికిన ఓ అడవి వరి మొక్క నుంచి ఈ గుణం తీసుకున్నారు. మగ సాళ్ల వరిలో ఆ లోపాన్ని సరిదిద్దే జన్యువులు ఉంటాయి. అందుకే హైబ్రిడ్ వేసిన రైతు పొలంలో గింజ నిండుగా పడుతుంది.

అపోహ: హైబ్రిడ్ గింజ దాచి వేస్తే మొలవకుండా కంపెనీలు చేస్తాయి

మొలుస్తుంది. మొలవని గింజ ఇచ్చే "టర్మినేటర్" పద్ధతికి 1998లో అమెరికాలో పేటెంట్ వచ్చింది కానీ, అది ఏ దేశంలోనూ మార్కెట్లోకి రాలేదు. చిక్కంతా మొలిచాకే. తాత ముత్తాతల గుణాలన్నీ విడిపోయి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముందు ఈనుతుంది, ఒకటి ఆగుతుంది. హైబ్రిడ్ వరి అయితే కొన్ని మొక్కలు వట్టి తాలే. తల్లి మైటోకాండ్రియా అన్నిటికీ వచ్చింది, తండ్రి దగ్గరి దిద్దుబాటు జన్యువు కొన్నిటికి రాలేదు మరి.

జగిత్యాల సన్నాలు, వరంగల్ సన్నాలు, తెలంగాణ సోన లాంటివి హైబ్రిడ్లు కావు. వరి ఎక్కువగా తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది కాబట్టి వీటి గింజ శుభ్రంగా ఏరి దాచుకోవచ్చు. సంచి మీది అక్షరాలు చూడండి: జేజీఎల్ అంటే జగిత్యాల, డబ్ల్యూజీఎల్ అంటే వరంగల్, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్. తెలంగాణ సోన పేరులో రాజేంద్రనగర్ ఉన్నా, దాన్ని పుట్టించిన జంటలో ఒకటి జేజీఎల్ 3855, మన జగిత్యాల వరే.

అపోహ: బీటీ పత్తి ఆకు మేసి గొర్రెలు చచ్చాయి, అది విషం

2006లో మన వరంగల్ జిల్లాలో పత్తి ఏరిన చేలల్లో మేసిన గొర్రెలు చనిపోయాయని గట్టిగా వార్తలొచ్చాయి. ఆ నష్టాన్ని నేను తేలిక చేయను. కానీ బీటీ ప్రోటీన్ వల్లే పోయాయని రుజువు కాలేదు. బీటీ అన్నది మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా పేరు, బాసిల్లస్ థురింజియెన్సిస్. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు ఎందుకు చస్తున్నాయని వెతికితే మొదట అక్కడ కనబడింది. అది తయారుచేసే ప్రోటీన్ పురుగు పేగులోని క్షారంలో కరిగి, అక్కడి కణాల మీద తనకు సరిపడే గ్రాహకాలకు అతుక్కుని, పేగు గోడకు చిల్లులు పెడుతుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. గొర్రె పేగుల్లో ఆ గ్రాహకాలు లేవు. ఇంకో సంగతి: పత్తి చేలో గొర్రె నోటికి తగిలేది బీటీ ఒక్కటే కాదు. ఆకు మీద కొట్టిన మందు, ఎక్కువైన నైట్రేట్, పత్తిలో పుట్టుకతోనే ఉండే గాసిపోల్ అనే విషం, అన్నీ ఉంటాయి. చచ్చిన జీవం కడుపులోది తీసి పరీక్షకు పంపకుండా వీటిలో ఏది అసలు కారణమో చెప్పడం కుదరదు.

అపోహ: బీటీ వేశాం కదా, ఇక పురుగు రాదు, దిగుబడి అదే పెరుగుతుంది

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. రైతు జేబుకు చిల్లు పడేది ఇక్కడే.

1997-98లో లద్దె పురుగు, శనగ పచ్చపురుగు వరంగల్ పత్తిని ఎలా ఊడ్చేశాయో, ఎన్ని ఇళ్లు కూలాయో ఆ తరంవాళ్లకు గుర్తే. 2002లో బీటీకి అనుమతి రాగానే అందరూ ఎగబడటానికి కారణం ఆ దెబ్బే. కానీ ఆ తొలి మూడు హైబ్రిడ్లకు 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలో అనుమతి కొనసాగించలేదు. బీటీ జన్యువు చేసేది ఒక్క పనే, కాయ తొలిచే పురుగు నుంచి కాపలా. చెలకలో బెట్ట తట్టుకోవడం, పచ్చదోమను ఓర్చుకోవడం, కాయ సైజు, ఇవన్నీ మిగతా వేల జన్యువుల పని. కాపలావాడు ఎంత మంచోడైనా చేను వాడు దున్నడు కదా.

ఇక గులాబీ రంగు పురుగు. 2006 నుంచి వస్తున్న బీజీ-2 (బోల్‌గార్డ్-2) పత్తిలో రెండు బీటీ జన్యువులుంటాయి. హైబ్రిడ్‌కి ఇవి సాధారణంగా తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే వస్తాయి. అంటే మొక్కలోని ప్రతి కణంలో ఒక్కొక్క ప్రతి మాత్రమే ఉంటుంది. ఆ మొక్క కాయలో పడే గింజలు మాత్రం తర్వాతి తరం. మెండెల్ బఠానీల లెక్కే ఇక్కడా నడుస్తుంది: 16 గింజల్లో 9 రెండు జన్యువులూ ఉన్నవి, 3 ఒకటే ఉన్నవి, మరో 3 రెండోదొక్కటే ఉన్నవి, ఒక గింజలో రెండూ లేవు. గులాబీ పురుగు తినేది సరిగ్గా ఆ గింజలనే. ఒక గింజలో విషం అంతగా తగలక బతికి, పక్క గింజకు పోయి అలవాటు పడుతూ తట్టుకునే పురుగులే మిగిలాయి. పైగా దానికి పత్తి తప్ప వేరే తిండి దాదాపు లేదు. ప్యాకెట్ వెంట ఇచ్చిన 120 గ్రాముల నాన్-బీటీ గింజను చేను చుట్టూ వేయమంటే మనవాళ్లు చాలామంది అవతల పారేశారు. బీటీ మీద అలవాటు పడని పురుగులు కొన్ని బతికుండి, తట్టుకునే పురుగులతో జతకట్టాలనే దాన్ని ఇచ్చింది. ఇప్పుడు ఆ గింజలను కలిపేసే 475 గ్రాముల ప్యాకెట్‌లో ఇస్తున్నారు.

కాబట్టి గులాబీ పురుగు చేరి విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు కనబడితే ఏరి కాల్చేయండి. మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టండి. సంక్రాంతి దాటాక నాలుగు కాయల కోసం నీళ్లు పెట్టి చేను ఉంచొద్దు, కట్టె పీకేయండి.

అపోహ: బీటీ-3 వచ్చింది, గడ్డిమందు కొట్టినా పత్తికి ఏం కాదు

గ్లైఫోసేట్ అనే గడ్డిమందును తట్టుకునే ఆ విత్తనానికి మన దేశంలో అనుమతి లేదు. దొంగచాటుగా కొన్నది మొలవకపోతే ఎవరినీ అడగలేరు, ఎందుకంటే బిల్లే ఉండదు.

అపోహ: జన్యువులున్న తిండి తింటే మన జన్యువులు మారతాయి

జన్యువులు లేని కూర ఏదీ లేదు. నమ్మకపోతే ఒక ఉల్లిగడ్డను దంచి, ఉప్పు, నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి వడకట్టండి. పైన చల్లటి స్పిరిట్ మెల్లగా పోస్తే తెల్లటి పోగులు తేలతాయి. అదే డీఎన్ఏ. రోజూ ముద్ద ముద్దకూ తింటున్నాం, కడుపులో అరిగిపోతోంది.

గింజల్లేని పుచ్చకాయను కూడా ఇదే లెక్కన అనుమానిస్తారు. దానిలో పరాయి జన్యువేదీ లేదు. మామూలు పుచ్చలో 22 క్రోమోజోములు, వాటిని రెట్టింపు చేస్తే 44, ఆ రెండిటినీ సంకరం చేస్తే ఒక్కోదాని నుంచి సగం వచ్చి, 11, 22 కలిసి 33. ఒక్కో క్రోమోజోము మూడేసి ఉంటే అవి సమంగా విడిపోలేవు, అందుకే గింజ కట్టదు.

అపోహ: రాజేంద్రనగర్ కొత్త వరి "కమల"లో వేరే జీవి జన్యువు కలిపారు

2025 మేలో ప్రకటించిన ఈ రకం మన సాంబ మసూరే. అందులో గింజల సంఖ్యను అదుపులో ఉంచే ఒక జన్యువును క్రిస్పర్ అనే కత్తెరతో కత్తిరించారు. 2020లో నోబెల్ వచ్చింది ఆ కత్తెరకే. బయటి నుంచి తెచ్చి పెట్టింది ఏమీ మిగల్చలేదు, బీటీకీ దీనికీ తేడా అదే.

మొన్న కమల గురించి ఇదంతా చెబుతుంటే ఒక పెద్దమనిషి మొత్తం విని, "గదంత సరే సారూ, గింజ దాసుకోవచ్చా మరి?" అన్నాడు. "మొక్క వరకైతే దాచుకోవచ్చు బాపూ, అది హైబ్రిడ్ కాదు. కానీ ఆ కత్తెరకు పేటెంట్లున్నాయి, ఆ లెక్క వేరే" అన్నాను.