కన్సోల్ అంటే చీటేనా?

మా అన్నయ్య కొడుకు భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మొన్న సెలవుకి ఇంటికొచ్చి, ఒక వ్యూహాల గేమ్‌కి సొంతంగా మోడ్ (అంటే ఆటలో మనం చేసుకునే మార్పు) చేసుకుంటూ ఎస్కేప్ కింద ఉన్న మీట నొక్కి, ఆదేశాలు టైప్ చేసే నల్లటి పెట్టె తెరిచాడు. దాన్నే కన్సోల్ అంటారు. “చీట్లు కొడుతున్నావేంట్రా?” అన్నాను. “కాదు బాబాయ్, ఈ బటన్ ఎంత నొక్కినా పలకట్లేదు. ఎందుకో చూస్తున్నా” అన్నాడు.

నేనలా అనుకోవడంలో వింతేమీ లేదు. 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ని మేం జువ్వలపాలెం రోడ్డులో ఓ నెట్ సెంటర్లో నేర్చుకున్నాం. కట్టిన గంట అయిపోవస్తుంటే చెట్లు కొట్టించే ఓపిక ఎవరికుంటుంది? ఎంటర్ నొక్కి ‘లంబర్‌జాక్’ అని కొడితే వెయ్యి కలప వచ్చి పడేది. ‘మార్కో’ అంటే పటమంతా కనబడేది. ఆ మాటల్ని నోటుబుక్కు వెనక పేజీలో రాసుకుని తిరిగేవాళ్ళం.

అసలీ చీట్లు పుట్టింది మాలాంటి వాళ్ళ కోసం కాదు. 1986లో గ్రేడియస్ అనే ఆటని ఇంట్లో ఆడుకునే యంత్రానికి మలుస్తూ, పరీక్షించి చూడ్డానికి ఆట మరీ కష్టంగా ఉందని కజుహిసా హషిమోటో అనే జపాన్ ప్రోగ్రామర్ తన వీలు కోసం, నొక్కితే ఆట సులువయ్యే ఒక మీటల వరస పెట్టుకున్నాడు. అదే ‘కోనామి కోడ్’గా లోకమంతా పాకింది. 1996లో క్వేక్ అనే గేమ్ వచ్చేసరికి పైనుంచి తెరలా దిగే కన్సోల్‌ని ఆటగాళ్ళ చేతికే ఇచ్చేశారు. సెట్టింగులు, తప్పుల సందేశాలు అన్నీ అందులోనే. ‘గాడ్’ అని కొడితే చావు లేకపోవడం కూడా అందులోనే. మనకి గుర్తుండిపోయింది ఆ చివరిదొక్కటే.

వ్యూహాల గేముల్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. ఆ ఆటల్లో సగం పటమైతే సగం పట్టికలే మరి. పారడాక్స్ కంపెనీ 2007లో యూరోపా యూనివర్సాలిస్ 3 గేమ్‌తో తెచ్చిన క్లాజ్‌విట్జ్ ఇంజిన్‌లో (ఇంజిన్ అంటే ఆటని నడిపే సాఫ్ట్‌వేర్) ఏ బటన్ ఎక్కడుండాలో మామూలు టెక్స్ట్ ఫైళ్ళలో అంకెలుగా రాసి ఉంటుంది. నోట్‌ప్యాడ్ ఉంటే చాలు, ఎవరైనా మార్చొచ్చు. చిక్కూ అక్కడే. ఒక్క అంకె తేడా పడితే బటన్ తెర దాటిపోతుంది. లేదా కంటికి కనబడని పెట్టె ఏదో దాని మీద కూర్చుంటుంది, మన క్లిక్‌లన్నీ అదే మింగేస్తుంది. తూముకి గుర్రపుడెక్క అడ్డం పడితే కాలవ నిండా నీళ్ళున్నా చేలోకి రావు చూడండి, అలాగన్నమాట.

అలాంటప్పుడు కన్సోల్ తెరిచి, అదే కంపెనీ గేములైన హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో ‘టీడీబగ్’ అనీ, స్టెల్లారిస్‌లో ‘డీబగ్‌టూల్‌టిప్’ అనీ కొడితే, మౌస్ పెట్టిన చోట లోపలి గుర్తింపు సంఖ్యల్లాంటివి బయటపడతాయి. చాలా తప్పులు లాగ్స్ ఫోల్డర్లోని ‘ఎర్రర్ డాట్ లాగ్’ ఫైల్లో చేరతాయి. నన్నడిగితే ముందు తెరవాల్సింది అదే. ఇవే గేముల్ని ఐరన్‌మ్యాన్ పద్ధతిలో, అంటే పాత సేవ్‌కి వెనక్కెళ్ళే వీల్లేకుండా, ఆడితే కన్సోల్ పనిచేయదు. అది న్యాయమే గానీ, చీటన్న ముద్ర దాంతో ఇంకా గట్టిపడింది.

మావాడి బటన్ సంగతి అరగంటలో తేలింది. మీద కూర్చున్న పెట్టె ఎత్తు తగ్గించాడు, అంతే. ఆ ఊపులో పటంలో ఓ ఊరికి తెలుగులో ‘ధవళేశ్వరం’ అని పేరు పెట్టబోయాడు. ఆ గేమ్ ఫాంటులో తెలుగు అక్షరాల బొమ్మలే లేవు. గీసి పెట్టినా, ‘శ’ కింద వ ఒత్తు చేర్చడం దానికి రాదట. “దీనికి మాత్రం కమాండేమీ లేదు బాబాయ్” అని ల్యాప్‌టాప్ మూసేశాడు.