గోడ మీది పాలోడు

పరకాల దగ్గర ఊర్లో మా పెద్దమ్మ ఫ్రిజ్‌కు తాడు కడుతుంది. తలుపు పిడిలోంచి నైలాన్ తాడు తీసి పక్కన కిటికీ చువ్వకు ముడి వేస్తుంది. ఇదంతా కోతుల కోసమే. మొదట్లో అవి పళ్లెంలో కనబడ్డవి ఎత్తుకుపోయేవి. తర్వాత డబ్బాల మూతలు తీయడం పట్టుబడింది. పోయిన ఎండాకాలం ఒక పెద్ద ఆడకోతి ఫ్రిజ్ తలుపు లాగి, టమాటలను ముట్టకుండా మామిడిపండ్లు మాత్రం ఏరుకుని పోయింది. కొండముచ్చు బొమ్మ ఉన్న ఫ్లెక్సీ తెచ్చి గోడకు కట్టి చూశారు. పది రోజులు బాగానే పనిచేసింది. ఆ తర్వాత ఒక పిల్లకోతి ఆ ఫ్లెక్సీ నీడలోనే కూర్చుని పల్లికాయ ఒలుచుకుంటూ కనిపించింది.

"జూడు బిడ్డా, రోజుకో ఇగురం నేర్చుకుంటున్నయ్. ఇంకో వెయ్యేండ్లకు మన లెక్కనే కూసొని ముచ్చట పెడ్తయ్ గావచ్చు" అంది పెద్దమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

నవ్వి ఊరుకోవచ్చు. కానీ శాస్త్రవేత్తలు తలలు బద్దలు కొట్టుకునే ప్రశ్న ఇది. ఇంకో జంతువుకు ఎప్పటికైనా మనిషిలాంటి తెలివి వస్తుందా?

ముందు ఒక అపోహ తీసేయాలి. పరిణామం అనగానే వంగిన కోతి మెల్లగా లేచి నిలబడి మనిషైన బొమ్మ చాలామందికి గుర్తొస్తుంది. ఆ బొమ్మ చూస్తే కోతులన్నీ క్యూలో నిలబడ్డాయనీ, ఒకరోజు వాటి వంతూ వస్తుందనీ అనిపిస్తుంది. అలాంటి క్యూ ఏదీ లేదు. మన ఇళ్ల మీద పడే రీసస్ కోతికీ మనకూ ఉమ్మడి పూర్వీకులు సుమారు 2.5 కోట్ల ఏళ్ల కిందట ఉన్నారు. అక్కడి నుంచి వాళ్ల దారి వాళ్లది, మన దారి మనది. ఇన్నేళ్లూ అవి ఊరికే కూర్చోలేదు, తమ బతుక్కు తగ్గట్టు మారుతూనే వచ్చాయి. మన మాటలో చెప్పాలంటే కోతి మనకు ముత్తాత కాదు, పాలోడు. ఏనాడో వేరుపడ్డ దాయాది. మక్కచేన్లో వాటా తీసుకునేటప్పుడు ఆ సంగతి బాగా తెలుస్తుంది.

ఈ పాలోడి గురించి రెండు ముక్కలు. మూతి ఎర్రగా, తోక కాస్త పొట్టిగా ఉండేది రీసస్. నడినెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలు, పొడుగు తోక ఉండేది దక్షిణాది కోతి. గోదావరికి ఉత్తరాన రీసస్, దక్షిణాన టోపీకోతి అని పాత పుస్తకాల్లో ఉండేది. రీసస్ ఆ హద్దును ఎప్పుడో దాటేసి కిందికి దిగుతోంది. మన రక్తం గ్రూపు దగ్గర వినపడే 'ఆర్‌హెచ్' అన్న రెండక్షరాలు దీని పేరులోవే.

దీని తెలివిని కొలిచిన చోటు మాత్రం మనకు చాలా దూరం. కరీబియన్ సముద్రంలో ప్యూర్టోరికో పక్కన కాయో శాంటియాగో అనే చిన్న దీవి ఉంది. 1938లో మన దేశంలో పట్టిన 409 రీసస్ కోతులను ఓడలో తీసుకుపోయి అక్కడ వదిలారు. వాటి సంతానం మీద ఇప్పటికీ పరిశోధనలు సాగుతున్నాయి. 2005లో వచ్చిన ఒక అధ్యయనం నాకు మరీ ఇష్టం. ఇద్దరు మనుషులు చెరో ద్రాక్షపండు పెట్టుకుని నిలబడతారు. ఒకరు కోతివైపు చూస్తుంటారు, ఇంకొకరు చూపు తిప్పుకుంటారు. కోతులు ఎక్కువగా చూడనివాళ్ల దగ్గరికే పోయి పండు కొట్టేశాయి. అంటే ఎదుటివాడికి ఏం కనబడుతోందో, ఏం కనబడటం లేదో వాటికి లెక్క ఉంది. మా పెద్దమ్మకు ఈ సంగతి చెబితే "గిది చెప్పనీకి దీవికి పోవాల్నా?" అంది. నిజమే. కానీ ఆరేళ్ల తర్వాత, 2011లో, అదే జాతి కోతులతో చేసిన ఇంకో పరీక్ష ఫలితం పెద్దమ్మ కూడా ఊహించలేనిది.

దాన్ని మన ఇంటి ఉదాహరణతో చెబుతాను. నేను అరటిపండ్లు గంపలో పెట్టి బయటికి పోయాను. నేను లేనప్పుడు పెద్దమ్మ వాటిని తీసి అలమారలో పెట్టింది. తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాను? గంపలోనే. పండ్లు అలమారలో ఉన్నా, నా బుర్రలో అవి ఇంకా గంపలోనే ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లలు ఈ ప్రశ్నకు టక్కున జవాబు చెబుతారు. రీసస్ కోతి ఇక్కడ తెల్లమొహం వేస్తుంది. నాకు తెలిసిందా, తెలియదా అన్నంత వరకు పసిగడుతుంది. నేను తప్పుగా నమ్ముతున్నానని మాత్రం దానికి అందదు. అయితే 2016లో చింపాంజీలు, వాటికి చుట్టాలైన బోనోబోలు, ఒరాంగుటాన్‌లకు గొరిల్లా వేషం కట్టిన మనిషితో తీసిన చిన్న వీడియోలు చూపిస్తే, పొరబడ్డ మనిషి ఎటు పోతాడో వాటి కళ్లు ముందే అటు తిరిగాయి. మనకు దగ్గరి పాలోళ్లు కదా, చింపాంజీతో మనం వేరుపడి 60, 70 లక్షల ఏళ్లే అయింది.

ఎదుటివాడి బుర్రలో ఏముందో ఊహించగలిగితే మోసం చేయవచ్చు, అంతకంటే ముఖ్యంగా నేర్పించవచ్చు. అసలు కిటుకు ఈ నేర్పించడంలోనే ఉందని నాకనిపిస్తుంది. తెలివి గురించి మాట్లాడేటప్పుడు ఒక్క బుర్ర ఎంత చురుకైనదని చూస్తాం. జపాన్‌లో అయుము అనే చింపాంజీ, తెర మీద క్షణంలో మెరిసి మాయమైన అంకెలను వరుసగా గుర్తుపెట్టుకోవడంలో కాలేజీ విద్యార్థులను ఓడించింది. అది 2007 నాటి ముచ్చట. చురుకుదనమే చాలితే ఆ చింపాంజీ ఈపాటికి ఏదో ఆఫీసులో ఉండాలి.

బ్రెజిల్‌లోని కపుచిన్ కోతులు రాళ్లతో జీడిగింజలు పగలగొట్టుకుంటాయి. అవి వాడిన రాళ్లను తవ్వి తీస్తే సుమారు 3,000 ఏళ్ల నాటివి కూడా దొరికాయి. గింజను బట్టి రాయి సైజు కాస్త మారింది, అంతే. రాయి రాయిగానే ఉంది. దాదాపు అదే కాలంలో మన గోదావరి చుట్టుపక్కల మనుషులు ఏం చేశారో చూడండి. ఇనుము కరిగించారు. తర్వాత మూసల్లో ఉక్కు తీశారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు ఇంత దూరం వచ్చేవారు. ఆ కొలిమి దగ్గర కూర్చున్న ఏ ఒక్కరూ ఉక్కును మొదటి నుంచీ కనిపెట్టలేదు. తాత చేసినదానికి తండ్రి ఇంత కలిపాడు, కొడుకు ఇంకాస్త కలిపాడు. వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద జంపఖానా నేసే మనిషిని అడిగితే ఆ పని ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పగలడు. మగ్గం ఎవరు కనిపెట్టారో చెప్పలేడు, చెప్పాల్సిన అవసరమూ లేదు. నన్ను ఒంటరిగా ఏటూరునాగారం అడవిలో వదిలితే మగ్గం మాట అటుంచి, అగ్గి పుట్టించడం కూడా నా వల్ల కాదు. నా తెలివిలో ముప్పాతిక వంతు అరువుదే.

కోతుల్లో నేర్చుకోవడం అసలు లేదని కాదు. జపాన్‌లోని కోషిమా దీవిలో 1953లో ఇమో అనే ఆడపిల్లకోతి, మన్ను అంటిన చిలగడదుంపను నీళ్లలో కడిగి తిన్నది. దాన్ని చూసి తోటి పిల్లకోతులు, తర్వాత తల్లి, మెల్లగా మిగతావి కడగడం మొదలుపెట్టాయి. ముదురు మగకోతులు మాత్రం చాలావరకు పట్టించుకోలేదు (ఇంటింటి రామాయణమే). తర్వాత తరాలు మంచినీళ్ల నుంచి సముద్రపు నీళ్లకు మారాయి, బహుశా ఉప్పు రుచి మరిగి. దుంప కడగడం మాత్రం ఇంకో పెద్ద పనికి మెట్టు కాలేదు.

కోతులను పక్కన పెట్టి చుట్టూ చూస్తే తెలివైన జీవాలకు లోటు లేదు. కాకి గులకరాళ్లు వేసి కుండలో నీళ్లు పైకి తెచ్చిన కథ మనం చిన్నప్పుడు చదివిందే. 2009లో ఇంగ్లండ్‌లో రూక్ అనే కాకిజాతి పక్షుల ముందు నీళ్ల గొట్టం, అందులో తేలే పురుగు, పక్కన రాళ్లు పెట్టారు. అవి అచ్చం కథలోలాగే చేశాయి, పైగా పెద్ద రాళ్లే ఏరుకున్నాయి. రావెన్ అనే పెద్దకాకి మెదడు సుమారు 14 గ్రాములే, అయినా ఆలోచనకు పనికొచ్చే భాగంలో 120 కోట్ల దాకా నాడీకణాలు కుక్కి ఉన్నాయి. కొన్ని కోతుల లెక్కకు అది సమానం.

ఆక్టోపస్ సంగతి చూస్తే జాలేస్తుంది. సుమారు 50 కోట్ల నాడీకణాలు, అందులో ఎక్కువ భాగం చేతుల్లోనే. సీసా మూత తిప్పి తీయగలదు. కానీ చాలా జాతులకు ఆయుష్షు ఏడాది, రెండేళ్లు. గుడ్లు పొదిగి తల్లి చనిపోతుంది, పిల్లలు తల్లి ముఖం చూడవు. ప్రతి ఆక్టోపస్ ఓనమాల నుంచి మొదలుపెట్టాల్సిందే. ఇక డాల్ఫిన్‌కు తెలివి, స్నేహితులు, పేరులాంటి ఈల, అన్నీ ఉన్నాయి. చేతులు లేవు, నీళ్లలో నిప్పు రాజేయలేదు. రామప్ప గుడి చుట్టూ రాతిలో వరుసగా నడిచే ఏనుగులను చూసినప్పుడల్లా ఇంకో లెక్క గుర్తొస్తుంది. ఆఫ్రికా ఏనుగు మెదడులో మొత్తం 25,700 కోట్ల నాడీకణాలు, మనకు 8,600 కోట్లే. అయితే ఏనుగువి నూటికి 98 చిన్నమెదడులో ఉన్నాయి. ఆలోచనకు పనికొచ్చే పైపొరలో ఉన్నవి 560 కోట్లు, మన పైపొరలో 1,600 కోట్లు.

పెద్ద మెదడు అంత మంచిదైతే అందరికీ ఎందుకు రాలేదని అడగవచ్చు. ఖర్చు అలాంటిది. మన ఒంటి బరువులో రెండు శాతం ఉండే మెదడు, ఊరికే కూర్చున్నా శక్తిలో ఐదో వంతు లాగేస్తుంది. ఐదు ముద్దలు తింటే ఒకటి దానికే. ఐదేళ్ల పిల్లల్లో ఆ వాటా రోజు ఖర్చులో నలభై శాతం దాటుతుంది, అందుకే ఆ వయసులో ఒళ్లు ఎదగడం నెమ్మదిస్తుంది. అంత ఖర్చుకు తగిన రాబడి లేకపోతే ప్రకృతి మెదడును పెంచదు, ఒక్కోసారి ఉన్నదీ తీసేస్తుంది. సముద్రంలో ట్యూనికేట్ అనే జీవి పిల్లగా ఉన్నప్పుడు ఈదుతుంది, చిన్న మెదడూ ఉంటుంది. ఒక రాయిని చూసుకుని అతుక్కున్నాక ఇక తిరిగే పని లేదు కాబట్టి ఆ మెదడును తానే కరిగించుకుంటుంది.

ఇప్పుడు పెద్దమ్మ చెప్పిన వెయ్యేళ్లు. రీసస్ కోతులకు ఆరేడేళ్లకో తరం అనుకుంటే వెయ్యేళ్లంటే నూటయాభై తరాలు. చింపాంజీతో వేరుపడ్డాక మన వైపు రెండు లక్షలకు పైగా తరాలు గడిచాయి. కాలం ఒక్కటే ఉన్నా చాలదు. ఎక్కువ తెలివిగల కోతికి ఎక్కువ పిల్లలు బతికితేనే ఆ తెలివి జాతిలో పెరుగుతుంది. ఉన్న 90 గ్రాముల మెదడుతోనే గుడి దగ్గర కొబ్బరిచిప్పలు, చేన్లో కంకులు, ఫ్రిజ్‌లో మామిడిపండ్లు దొరుకుతుంటే, దాన్ని పెంచమని ఒత్తిడి చేసేది ఎవరు? మన ఊళ్లలో కోతి మొండితనానికి, తిండి అరిగించుకునే శక్తికి పోటీ ఉందేమో కానీ లెక్కల పరీక్ష లేదు.

ఎక్కువ కాలం ఇస్తే? గోదావరి, ప్రాణహిత లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ ఎముకలు హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో నిలబెట్టారు. జురాసిక్ కాలం తొలినాళ్ల రాక్షసబల్లి అది. డైనోసార్లు 16 కోట్ల ఏళ్లకు పైగా నేలను ఏలాయి. అంత కాలంలో ఒక్కటీ రాయి చెక్కిన ఆనవాలు లేదు. అవి బతికి ఉంటే మనిషిలా అయ్యేవని 1982లో డేల్ రసెల్ అనే శాస్త్రవేత్త రెండు కాళ్ల మీద నిలబడ్డ డైనోసార్ మనిషి బొమ్మ కూడా చేయించాడు. చూడటానికి సరదాగా ఉంటుంది, నాకైతే అది అద్దంలో మన మొహమే అనిపిస్తుంది. ఎగరడం నాలుగుసార్లు విడివిడిగా పుట్టింది: పురుగుల్లో, డైనోసార్ల కాలం నాటి టెరోసార్లలో, పక్షుల్లో, గబ్బిలాల్లో. కళ్లు ఇంకా ఎక్కువసార్లు. రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఎర్రరంగుతో జంతువుల బొమ్మలు గీసిన బుర్ర మాత్రం ఒక్క మనిషి వంశంలోనే పుట్టింది.

ఒక్కసారే పుట్టిందంటే ఇంకోసారి పుట్టదని తేలిపోదు. మనం సీటు పట్టేసుకున్నాం కూడా. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి దస్తీ వేసి ఆపుకున్నట్టు ఉంది మన వ్యవహారం. మనకు అతి దగ్గరివాళ్లయిన నియాండర్తల్ మనుషులు సుమారు 40,000 ఏళ్ల కిందట కనుమరుగయ్యారు. అందులో మన చెయ్యి ఎంతో ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. మనం ఉన్నంతకాలం ఇంకో జాతి పొలం దున్ని, నిప్పు రాజేసి, మన పక్కన ఊరు కట్టుకుంటుంటే చూస్తూ ఊరుకుంటామా? ఫ్రిజ్ తెరిస్తేనే తాడు కట్టాం. మనం పోయాక, కోట్ల ఏళ్లలో, చేతులున్న ఏదో జాతికి కరువో చలో వెంటపడి, పిల్లలను ఏళ్ల తరబడి సాకాల్సి వచ్చి, గుంపుగా నేర్పుకుంటూ బతికితే, అప్పుడు కుదరవచ్చు. అది మన కోతి వంశమే కావాలని లేదు, అది మనలాగే ఆలోచించాలనీ లేదు.

మనిషే చెయ్యి పెడితే సంగతి వేరు. 2019లో చైనాలో మెదడు ఎదుగుదలకు సంబంధించిన ఒక మనిషి జన్యువును రీసస్ కోతి పిండాల్లో చేర్చారు. పుట్టి బతికినవి ఐదు, అవి జ్ఞాపకశక్తి పరీక్షలో కాస్త మెరుగ్గా చేశాయి. మరుసటి ఏడు జర్మనీ, జపాన్ శాస్త్రవేత్తలు మార్మోసెట్ అనే చిన్నకోతి పిండాల్లో మనుషులకే ఉన్న ఇంకో జన్యువు పెడితే మెదడు పైపొర పెరిగి ముడతలు కూడా పడింది. పిల్లలు పుట్టకముందే వాళ్లు ఆపేశారు. పుట్టాక అది ఏమవుతుందో, దానికి మనం ఏమవుతామో అన్న టెన్షన్ చిన్నదేం కాదు.

ఇదంతా చెప్పేసరికి చిక్కుడుకాయలు అయిపోయాయి.

"అయితే మాట్లాడయి అంటవ్?"

"వెయ్యేండ్లల్ల మాట్లాడయి పెద్దమ్మా."

"మంచిదే. మాటలొస్తే పాలు పంచుమని పంచాయితీ పెడ్తయ్" అంటూ లేచి, గిన్నె ఫ్రిజ్‌లో పెట్టి తాడు చేతిలోకి తీసుకుంది. పిట్టగోడ మీద ఆ ఆడకోతి పొట్టకు పిల్లను కరిపించుకుని కూర్చుని, కిటికీలోంచి ఆమె చేతులవైపే చూస్తోంది. పెద్దమ్మ ఒకసారి దానివైపు చూసి, కిటికీకి వీపు అడ్డం పెట్టి, కొంగు చాటున ముడి వేసింది.