రిస్క్ తీసుకోవడం రక్తంలోనే ఉంటుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: "రిస్క్ జీన్" అని ఒకటుంది. అది ఉన్నవాళ్లే దూకుడుగా నిర్ణయాలు తీసుకుంటారు.

వాస్తవం: మెదడులోని డోపమైన్ అనే రసాయనం సంకేతాల్ని అందుకునే రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువు డీఆర్‌డీ4కు ఆ పేరు అంటగట్టినవి తక్కువ మందితో చేసిన పాత అధ్యయనాలు. 2019లో పది లక్షల మందికి పైగా డీఎన్ఏ పరిశీలిస్తే రిస్క్ తీసుకునే గుణంతో ముడిపడిన 99 జన్యుస్థానాలు (డీఎన్ఏలోని చోట్లు) బయటపడ్డాయి. డోపమైన్, సెరటోనిన్‌లకు ప్రత్యేక పాత్రేమీ కనబడలేదు, ఆధారాలు గ్లుటమేట్, గాబా అనే వేరే మెదడు రసాయనాల వైపు మొగ్గాయి. ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. డీఎన్ఏ అంతటా ఉన్న తేడాల్ని కలిపి కట్టిన స్కోరు కూడా మనుషుల మధ్య తేడాల్లో మహా అయితే 1.6 శాతాన్ని వివరించింది. అదీ యూరప్ మూలాలున్నవారిలో. మనవాళ్ల విషయంలో ఇంకా తగ్గుతుంది. లాలాజలం పంపితే "మీ అబ్బాయికి వ్యాపారం నప్పుతుంది" అని తేల్చే రిపోర్టు డబ్బు దండగ.

అపోహ: హెరిటబిలిటీ (జన్యువుల వాటా) 30 శాతమంటే నా నిర్ణయంలో 30 శాతం అమ్మానాన్నలది.

వాస్తవం: ఆ అంకె ఒక మనిషిది కాదు, ఒక జనాభాలోని తేడాలది. అదెలా వస్తుందో ఊహా అంకెలతో చూడండి. రిస్క్ ప్రశ్నల స్కోరులో ఏకరూప కవలల మధ్య పోలిక 0.40, మామూలు కవలల మధ్య 0.25 అనుకుందాం (0 అంటే పోలికే లేదు, 1 అంటే అచ్చం ఒకేలా). ఏకరూప కవలల జన్యువులు దాదాపు అన్నీ ఒకటే, మామూలు కవలల్లో తేడా చూపే జన్యువులు సగటున సగమే కలుస్తాయి, అందుకే పోలికల మధ్య తేడాని రెట్టింపు చేస్తారు. తేడా 0.15, రెట్టింపు చేస్తే 0.30. అదే హెరిటబిలిటీ. 0.40లోంచి 0.30 తీసేస్తే మిగిలే 0.10 ఒకే ఇంట్లో పెరిగిన ప్రభావం. మిగతా 0.60 ఎవరి అనుభవాలు వారివి. కొలతలో దొర్లిన పొరపాట్లూ అందులోనే కలిసిపోతాయి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఒకే ఒక్క లాటరీ ప్రశ్న అడిగితే అదే మనిషి వచ్చే నెల వేరే జవాబు చెప్పొచ్చు, దాంతో జన్యువుల వాటా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఏకరూప కవలల్ని ఇంట్లోవాళ్లు మరీ ఒకేలా పెంచితే అదే వాటా ఎక్కువగా కనిపిస్తుంది.

అపోహ: తొందరపాటు నిర్ణయాలు తీసుకునేవాళ్ల బుర్ర పుట్టుకతోనే అంతే.

వాస్తవం: తమిళనాడు చెరకు రైతులపై 2013లో ఒక అధ్యయనం వెలువడింది. చేతిలో డబ్బాడని కోతల ముందు, డబ్బు అందిన కోతల తర్వాత, అదే రైతులకు ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. తర్వాతి స్కోర్లే మెరుగ్గా వచ్చాయి. రెండోసారి కదా, అలవాటుపడి ఉంటారని అనుమానం రావడం సహజం. అందుకే కొందరికి కోతల తర్వాతే మొదటిసారి పరీక్ష పెట్టారు, వాళ్ల స్కోర్లూ రెండోసారి రాసినవాళ్ల స్కోర్లలాగే ఉన్నాయి. అంటే మారింది బుర్ర కాదు, చేతిలో డబ్బు.